పాత కార్ల ఇంజను నూనె

కొన్ని దశాబ్దాల క్రితం తయారై, నేటికీ నడుస్తున్న కార్ల పెట్రోలు ఇంజన్లలో వాడదగిన కందెన నూనెను పాత కార్ల ఇంజను నూనె అనవచ్చు. వాడుకలో అందరూ "ఇంజన్ ఆయిల్" అనే అంటారు. కొత్త కారుకు ఏ నూనె పోయాలో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, ఆ నూనె దుకాణంలో దొరుకుతుంది. పాత కారు విషయం అలా కాదు. దాని పుస్తకంలో పేర్కొన్న నూనెలు చాలావరకు ఇప్పుడు తయారు కావడం లేదు. ఇప్పుడు దొరికే నూనెలు ఆ ఇంజనును దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. నేటి నూనెలు నాణ్యతలో తక్కువవి కావు, నిజానికి చాలా గుణాలలో మేలైనవి. అయితే "మేలైనది" వేరు, "తగినది" వేరు. తగని నూనె వలన క్యామ్‌షాఫ్టు, టాపెట్లు కొద్ది వందల కిలోమీటర్లలోనే అరిగిపోయే ప్రమాదం ఉంది. ఉత్పత్తి ఆగిపోయిన కార్లకు ఈ భాగాలు సులభంగా దొరకవు.

భారతదేశంలో 2021లో సవరించిన కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరాలు దాటిన కార్లను, ద్విచక్ర వాహనాలను "వింటేజి" వాహనాలుగా నమోదు చేస్తారు. ఈ వ్యాసంలో "పాత కారు" అన్న మాటను ఇంకొంచెం విశాలమైన అర్థంలో వాడడం జరిగింది. మన దేశపు రోడ్లపై తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లే ఇక్కడ ముఖ్యమైన ఉదాహరణలు.

కందెన చేసే పని

కందెన అన్న మాట ఎడ్లబండ్ల కాలం నాటిది. బండి ఇరుసుకు ఆముదంలో మసి కలిపి పూసేవారు. ఇరుసు, చక్రం ఒకదానినొకటి రాసుకోకుండా మధ్యలో ఒక పొర ఉండాలన్నదే అక్కడి సూత్రం. ఇంజనులోనూ సూత్రం అదే, కానీ పని మరింత కఠినం. నూనె ఘర్షణను తగ్గించాలి, పిస్టన్లూ బేరింగుల వేడిని మోసుకుపోవాలి, మసిని, లోహపు రజనును తనలో పట్టి ఉంచాలి, తుప్పు రానీయకూడదు, పిస్టను రింగుల వద్ద వాయువు జారిపోకుండా అడ్డుపడాలి.

ఇంజనులోని భాగాలన్నిటికీ నూనె ఒకే రీతిలో రక్షణ ఇవ్వదు. క్రాంక్‌షాఫ్టు బేరింగుల వద్ద షాఫ్టు తిరిగే వేగానికి నూనె లోపలికి లాగబడి, షాఫ్టును పైకి తేల్చి ఉంచుతుంది. అక్కడ లోహం లోహాన్ని దాదాపుగా తాకదు. ఈ రక్షణ నూనె చిక్కదనంపై ఆధారపడుతుంది. క్యామ్, టాపెట్ కలిసే చోట మాత్రం సన్నని గీత వంటి స్థలంలో విపరీతమైన ఒత్తిడి ఉంటుంది. అక్కడ నూనె పొర నలిగి తెగిపోతుంది. అప్పుడు లోహాన్ని కాపాడేది నూనెలో కలిపిన రసాయనమే. అందుచేత పాత కారుకు నూనె ఎంచేటప్పుడు రెండు ప్రశ్నలు వేరువేరుగా వేసుకోవాలి: చిక్కదనం ఎంత, అరుగుదలను ఆపే రసాయనం ఎంత. చాలామంది మొదటి ప్రశ్నతోనే ఆగిపోతారు.

పాత ఇంజన్ల నిర్మాణం

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో 2014 వరకు తయారైన అంబాసిడర్‌లో చాలా కాలం పాటు 1489 ఘనపు సెంటీమీటర్ల బీఎంసీ బీ-సిరీస్ పెట్రోలు ఇంజను ఉండేది. ముంబయిలో తయారైన ప్రీమియర్ పద్మినిలో 1089 ఘనపు సెంటీమీటర్ల ఫియట్ ఇంజను ఉండేది. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ ఇంజను కూడా ఇదే తరహాది. మూడింటిలోనూ క్యామ్‌షాఫ్టు కింద, ఇంజను దిమ్మలోనే ఉంటుంది. క్యామ్ టాపెట్‌ను, టాపెట్ పుష్ రాడ్‌ను, అది రాకర్‌ను నెడితే వాల్వు తెరుచుకుంటుంది.

ఈ ఇంజన్లలోని టాపెట్ అడుగుభాగం చూడడానికి బల్లపరుపుగా ఉంటుంది. క్యామ్ దానిమీద దొర్లదు, జారుతుంది. టాపెట్ ఒకే చోట అరగకుండా తన చుట్టూ తాను నెమ్మదిగా తిరిగేలా, క్యామ్‌ను టాపెట్ మధ్యభాగానికి కొద్దిగా పక్కకు అమర్చుతారు. ఏ కారణం వల్లనైనా టాపెట్ తిరగడం మానితే అది గుంట పడుతుంది, క్యామ్ ముక్కు మొద్దుబారుతుంది. వాల్వు పూర్తిగా తెరుచుకోదు, ఇంజను శక్తి తగ్గుతుంది, టపటపమనే శబ్దం మొదలవుతుంది. రాలిన లోహపు రజను నూనెతో పాటు బేరింగులకు చేరుతుంది. నేటి ఇంజన్లలో చాలావాటికి జారే టాపెట్ల బదులు దొర్లే చిన్న రోలర్లు ఉంటాయి కాబట్టి వాటికి ఈ భయం తక్కువ.

పాత ఇంజన్లలో బేరింగుల సందులు కూడా ఎక్కువ. దానికి తోడు ఏళ్ళ అరుగుదల. సన్నని నూనె పోస్తే అది సందులలోంచి త్వరగా జారిపోయి, ఇంజను వేడెక్కాక నూనె పీడనం పడిపోతుంది. అంబాసిడర్ వంటి కార్లలో క్రాంక్‌షాఫ్టు వెనుక చివర నేటి రబ్బరు సీలు లేదు. షాఫ్టు మీద చెక్కిన మరవంటి గాడి నూనెను తిరిగి లోపలికి తోస్తుంది. ఆ ఏర్పాటు చిక్కని నూనెను అదుపు చేసినంతగా పలుచని నూనెను చేయలేదు. ఇంజను కింద రాత్రికి రాత్రి మరక పడడానికి చాలాసార్లు కారణం ఇదే.

స్నిగ్ధత, ఎస్‌ఏఈ అంకెలు

ద్రవం పారడానికి చూపే నిరోధాన్ని స్నిగ్ధత అంటారు, సులభంగా చెప్పాలంటే చిక్కదనం. అమెరికాలోని ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఎస్‌ఏఈ 1911లో నూనెలను స్నిగ్ధతను బట్టి అంకెలతో వర్గీకరించింది. పలుమార్లు సవరించిన ఆ పద్ధతే నేడు జె300 అనే ప్రమాణంగా అమలులో ఉంది. 100 డిగ్రీల సెల్సియస్ వద్ద నూనె స్నిగ్ధత 9.3 నుండి 12.5 సెంటీస్టోక్సుల లోపు ఉంటే అది 30, 12.5 నుండి 16.3 లోపు ఉంటే 40, 16.3 నుండి 21.9 లోపు ఉంటే 50. "డబ్ల్యూ" అక్షరం శీతకాలాన్ని సూచిస్తుంది. దాని ముందున్న అంకె, చలిలో ఇంజను మొదలయ్యేటప్పుడు నూనె ఎంతవరకు గడ్డకట్టకుండా ఉంటుందో తెలుపుతుంది. 20డబ్ల్యూ నూనెను సున్నాకు 15 డిగ్రీల దిగువన పరీక్షిస్తారు, 5డబ్ల్యూ నూనెను 30 డిగ్రీల దిగువన.

ఇక్కడ ఒక అపోహ ప్రబలంగా ఉంది. 20డబ్ల్యూ-50 నూనె చల్లగా ఉన్నప్పుడు 20 లాగా పలుచగా ఉండి, వేడెక్కితే 50 లాగా చిక్కబడుతుందని కొందరు అనుకుంటారు. ఏ నూనె అయినా వేడెక్కితే పలుచబడుతుందే గాని చిక్కబడదు. సాధారణమైన 20డబ్ల్యూ-50 నూనె 40 డిగ్రీల వద్ద సుమారు 160 సెంటీస్టోక్సులు ఉంటే, 100 డిగ్రీల వద్ద సుమారు 18కి దిగిపోతుంది. రెండో అంకెకు అర్థం, వేడి ఇంజనులో అది ఒకే అంకె గల 50 నూనెకు సమానమని మాత్రమే.

ఒకప్పుడు మన దేశంలో 30, 40 వంటి ఒకే అంకె నూనెలు విరివిగా వాడేవారు. రెండంకెల నూనెలలో పొడవైన అణువులున్న పాలిమర్లను కలుపుతారు, వేడి పెరిగినా నూనె మరీ పలుచబడకుండా అవి ఆపుతాయి. బ్రిటనులో 1960లలో 20డబ్ల్యూ-50 నూనెలు వ్యాపించాయి. ఆనాటి బ్రిటిష్ ఇంజన్లతో పాటు వాటికి వారసులైన మన ఇంజన్లకూ ఆ తరగతి బాగా అమరింది. తెలుగు నేల మీద సున్నా డిగ్రీల చలి దాదాపు ఉండదు కనుక 0డబ్ల్యూ, 5డబ్ల్యూ నూనెల ప్రత్యేకత ఇక్కడి పాత కారుకు దాదాపు అక్కరకు రాదు. రామగుండం, విజయవాడ ఎండలలో, వాహనాల రద్దీలో నిలిచి ఉన్న కారుకు కావలసింది రెండో అంకె బలమే.

అయితే పాతదంటే చిక్కనిదే పోయాలన్న సూత్రమూ సరికాదు. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్-టీ కారులో నూనె పంపు లేదు. ఫ్లైవీలు ఎగజిమ్మిన నూనె, గొట్టం గుండా, చిందుల రూపంలో భాగాలకు చేరాలి. అందులో 20డబ్ల్యూ-50 పోస్తే చేరవలసిన చోటికి సకాలంలో చేరదు. అందుకే ఆనాడు ఫోర్డ్ కూడా పలుచని నూనెనే సూచించింది. వయసు కాదు, నిర్మాణం చూడాలి.

ఏపీఐ అక్షరాలు

నూనె డబ్బా మీద ఎస్‌ఏఈ అంకెలతో పాటు ఏపీఐ అనే గుర్తు, దాని పక్కన రెండు అక్షరాలు ఉంటాయి. ఏపీఐ అంటే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్. మొదటి అక్షరం "ఎస్" అయితే పెట్రోలు ఇంజన్లకు, "సీ" అయితే డీజిలు ఇంజన్లకు. రెండో అక్షరం అకారాది క్రమంలో ముందుకు పోయేకొద్దీ కొత్త ప్రమాణం. 1972లో ఎస్ఈ, 1980లో ఎస్ఎఫ్, 1996లో ఎస్‌జె, 2001లో ఎస్ఎల్, 2004లో ఎస్ఎమ్, 2010లో ఎస్ఎన్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ వచ్చాయి.

ఎస్ఏ అక్షరాలున్న నూనెలో రక్షక రసాయనాలు ఏవీ ఉండవు. 1930 తరువాతి ఇంజన్లలో చాలావాటికి అది పనికిరాదని ఏపీఐ హెచ్చరిస్తుంది. ఎస్‌బీ నూనె విషయంలో ఆ హద్దు 1951. అంబాసిడర్ పాతది కదా అని ఇటువంటి చవక నూనెలు పోయడం పొరపాటు. మరోవైపు, కొత్త ప్రమాణాలు పాతవాటి స్థానాన్ని పూర్తిగా భర్తీ చేస్తాయన్న సామాన్య నియమం జారే టాపెట్ల విషయంలో మాత్రం కొంత జాగ్రత్తతో అన్వయించుకోవాలి.

జింకు, భాస్వరం

క్యామ్‌ను, టాపెట్‌ను కాపాడే ముఖ్య రసాయనం పేరు జింక్ డైఆల్కైల్ డైథయోఫాస్ఫేట్. పేరు పొడుగు కనుక జెడ్‌డీడీపీ అంటారు, వాడుకలో "జింకు" అని సరిపెట్టుకుంటారు. ఇది 1940లలో నూనె చెడిపోకుండా, బేరింగులు క్షయించకుండా ఆపడానికి వచ్చింది. అరుగుదలను కూడా ఆపుతుందని తరువాత గుర్తించారు. లోహాలు రాసుకున్న చోట పుట్టే వేడికి, ఒత్తిడికి ఇది విచ్ఛిన్నమై, ఉపరితలం మీద గాజు వంటి ఫాస్ఫేటు పొరను ఏర్పరుస్తుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదివేలవ వంతు మాత్రమే. రాపిడికి లోహం బదులు ఆ పొర అరుగుతుంది, మళ్ళీ ఏర్పడుతుంది. పేరులో జింకు ఉన్నా ఈ పనిలో ముఖ్యపాత్ర భాస్వరానిది. అందుకే ప్రమాణాలు భాస్వరం శాతాన్నే కొలుస్తాయి.

ఇంత మేలు చేసే పదార్థాన్ని ఎందుకు తగ్గించారన్న ప్రశ్నకు సమాధానం కారు పొగగొట్టంలో ఉంది. ఇంజను కొద్దికొద్దిగా నూనెను కాల్చుతుంది. ఆ పొగలోని భాస్వరం క్యాటలిటిక్ కన్వర్టరులోని ఉత్ప్రేరకం మీద పేరుకొని దానిని పనికిరాకుండా చేస్తుంది. గాలి కాలుష్యాన్ని తగ్గించే పరికరాన్ని కాపాడడం కోసం భాస్వరానికి పరిమితి పెట్టారు. 1996 నాటి ప్రమాణంలో 0.10 శాతం, 2004 నాటి ప్రమాణంలో 0.08 శాతం గరిష్ఠంగా నిర్ణయించారు. భారతదేశంలో 1995 ఏప్రిల్ నుండి నాలుగు మహానగరాలలో అమ్మే కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి అయింది. అంతకు ముందటి కార్లలో సాధారణంగా ఆ పరికరమే లేదు, కనుక భాస్వరం వలన వాటికి చెడే పరికరమూ లేదు.

ఈ పరిమితి గురించి పాత కార్ల అభిమానులలో కొంత అతిశయోక్తి కూడా ప్రచారంలో ఉంది. 0.08 శాతం అనే గరిష్ఠ పరిమితి ఇంధనాన్ని ఆదా చేసే పలుచని తరగతులకు, అనగా 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 10డబ్ల్యూ-30 వంటివాటికి మాత్రమే వర్తిస్తుంది. 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50 వంటి చిక్కని తరగతులకు ఆ పై హద్దు లేదు, 0.06 శాతం అనే కింది హద్దు మాత్రమే ఉంది. కాబట్టి ఎస్ఎన్ అని రాసి ఉన్నంత మాత్రాన 20డబ్ల్యూ-50 నూనెను తోసిపుచ్చనవసరం లేదు, ఎంత భాస్వరం వేశారన్నది తయారీదారు ఇష్టం. తయారీదారు విడుదల చేసే సాంకేతిక వివరాల పత్రంలో భాస్వరం లేదా జింకు శాతం ఇస్తారు. అది 0.10 నుండి 0.12 శాతం మధ్య ఉంటే జారే టాపెట్ల ఇంజనుకు నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఎక్కువైతే ఇంకా మంచిదా? కాదు. భాస్వరం 0.20 శాతం దరిదాపులకు చేరితే ఆ రసాయనమే ఇనుమును తినివేసి క్యామ్ ఉపరితలం పెచ్చులూడేలా చేయవచ్చు. విడిగా సీసాలలో అమ్మే జింకు ద్రావణాలను ఇప్పటికే సరిపడా ఉన్న నూనెలో కలపడం వలన ఈ ముప్పు వస్తుంది. నూనెలోని ఇతర రసాయనాల సమతూకం కూడా చెడుతుంది. సీసా కొని కలపడం కంటే సరైన డబ్బా కొనడమే ఉత్తమం.

మన దుకాణాలలో సులభంగా దొరికే మరొక ప్రత్యామ్నాయం మోటారు సైకిళ్ళ "4టీ" నూనె. జపాను ప్రమాణం జాసో ఎమ్ఏ ప్రకారం ఇందులో భాస్వరం 0.08 నుండి 0.12 శాతం మధ్య ఉండాలి. 20డబ్ల్యూ-50లో దొరికినప్పుడు పాత కారుకు తాత్కాలికంగా వాడుకోవడంలో తప్పు లేదు. డీజిలు ఇంజన్ల 15డబ్ల్యూ-40 నూనెలలోనూ భాస్వరం తగినంత ఉంటుంది గాని, వాటిలో డిటర్జెంట్లు ఎక్కువ.

డిటర్జెంటు గల నూనె

ఇక్కడ డిటర్జెంటు అంటే బట్టల సబ్బు కాదు. మసిని, మడ్డిని లోహానికి అంటుకోనీయకుండా నూనెలోనే తేల్చి ఉంచే రసాయనం. దశాబ్దాల పాటు డిటర్జెంటు లేని నూనెతో నడిచిన ఇంజను అడుగున, ఆయిల్ చాంబరులో, జిగట మడ్డి పేరుకొని ఉంటుంది. అటువంటి ఇంజనులో ఒక్కసారిగా డిటర్జెంటు నూనె పోస్తే మడ్డి ముక్కలుగా విడిపోయి నూనె దారులను మూయవచ్చు. ముందు చాంబరు విప్పి శుభ్రం చేయించి, తరువాత నూనె మార్చి, మొదటి రెండు మార్పులు త్వరత్వరగా చేస్తే ఈ ఇబ్బంది తప్పుతుంది. ఇంజను పూర్తిగా విప్పి బోరు చేయించి ఉంటే ఈ సందేహమే అవసరం లేదు.

ఖనిజ నూనె, సింథటిక్ నూనె, ఆముదం

సింథటిక్ నూనె పాత ఇంజనుకు విషమన్న మాట నిజం కాదు. అరుగుదల లేని, సీళ్ళు బాగున్న ఇంజనులో అది బాగానే పనిచేస్తుంది. అది ఎక్కువగా పలుచని తరగతులలో రావడం, పాత సీళ్ళ వద్ద కారడం, ధర ఎక్కువ కావడం వంటి కారణాల వలన సాధారణ వాడుకకు మంచి ఖనిజ నూనె చాలు.

తెలుగువారికి ఆసక్తి కలిగించే విషయం ఆముదం. తెలంగాణలో మహబూబ్‌నగర్, నల్గొండ ప్రాంతాలు ఆముదపు పంటకు పేరుపొందినవి. మొదటి ప్రపంచ యుద్ధ కాలపు విమానాల రోటరీ ఇంజన్లకు ఆముదమే కందెన, ఎందుకంటే అది పెట్రోలులో తేలికగా కరగదు, లోహాన్ని గట్టిగా పట్టుకొని ఉంటుంది. క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదపు ఆంగ్ల నామం క్యాస్టర్ నుండి వచ్చినదే. కానీ ఆముదం వేడికి జిగురుగా, వార్నిషులా గట్టిపడుతుంది, ఖనిజ నూనెతో సరిగా కలవదు. అది సహజమైనదని మురిసిపోయి నేటి రోడ్డు కారు ఇంజనులో పోయరాదు.

బోరు చేయించిన ఇంజను

క్యామ్‌కు అత్యంత ప్రమాదకరమైన సమయం దాని మొదటి అరగంట. కొత్త క్యామ్, కొత్త టాపెట్లు ఒకదానికొకటి అలవాటు పడే లోపే పాడైన ఇంజన్లు చాలా ఉన్నాయి. అమర్చేటప్పుడే క్యామ్ మీద చిక్కని ప్రత్యేక కందెన పూయాలి. ఇంజను స్టార్టు కాగానే ఐడిలింగులో వదలకుండా, నిమిషానికి సుమారు 2000 చుట్ల వేగంతో ఇరవై నిమిషాలు నడపాలి. వేగం తక్కువైతే క్యామ్‌కు చిందే నూనె సరిపోదు. ఆ తరువాత నూనెను, ఫిల్టరును మార్చాలి. కార్బురేటరు, ఇగ్నిషను సరిగా కుదరక స్టార్టరు పదేపదే తిప్పడం, మధ్యమధ్యలో ఇంజను ఆగిపోవడం ఈ దశలో చాలా హాని చేస్తాయి. కనుక వాటిని ముందే సరిచూసుకోవాలి.

కొన్ని కార్లకు తగిన నూనెలు

మైదాన ప్రాంతంలో తిరిగే 1489 అంబాసిడర్‌కు, పద్మినికి, హెరాల్డ్‌కు భాస్వరం 0.10 శాతానికి తగ్గని 20డబ్ల్యూ-50 ఖనిజ నూనె సరిపోతుంది. అరకు వంటి చల్లని చోటైనా ఇదే చాలు. శీతకాలపు కాశ్మీరంలో అయితే 15డబ్ల్యూ-40 మేలు. 1990లలో వచ్చిన 1800 ఇసుజు ఇంజను గల అంబాసిడర్ల నిర్మాణం వేరు, వాటికి కంపెనీ పుస్తకమే ప్రమాణం. కన్వర్టరు ఉంటే భాస్వరం ఎక్కువగల నూనె వాడరాదు. మోడల్-టీకి 10డబ్ల్యూ-30 వంటి పలుచని నూనె కావాలి. ఇంజను బాగా అరిగి "ఆయిల్ తాగుతున్నప్పుడు" కొందరు ఇంకా చిక్కని నూనెకు మారుతారు. పొగ కొంత తగ్గవచ్చు గాని రింగులు బాగుపడవు. గ్యారేజీలలో పీపాలలోంచి పోసే "లూజు ఆయిల్" ఏ తరగతిదో, ఎక్కడిదో తెలియదు. దాని జోలికి పోకపోవడమే మంచిది.

మార్చే కాలం

వారానికొకసారైనా తిప్పని కార్లకు కిలోమీటర్ల లెక్క పనికిరాదు. 5000 కిలోమీటర్లు లేదా ఒక సంవత్సరం, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. షెడ్డులో ఉన్న కారును అప్పుడప్పుడు ఐదు నిమిషాలు స్టార్టు చేసి ఆపివేయడం మంచి అలవాటుగా చాలామంది భావిస్తారు. నిజానికి దానివలన ఇంజనులో తేమ చేరుతుందే గాని ఆవిరై పోయేంత వేడి పుట్టదు. ఆ తేమ, మసి కలిసి నూనె ఆమ్లగుణం పొందుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతటా వ్యాపించాక ఈ సమస్య ఇంకా పెరిగింది, ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. స్టార్టు చేస్తే కనీసం అరగంట రోడ్డు మీద నడపాలి, లేదా కదిలించకుండా ఉంచాలి. ఎక్కువకాలం నిలిపి ఉంచేటప్పుడు నూనె మార్చి నిలపాలి, పాత నూనెతో నిలిపి, తీసేముందు మార్చడం తలకిందుల పద్ధతి.

డిప్‌స్టిక్ మీద నూనె పాలమీగడ రంగుకు మారితే అందులో నీరు కలిసిందని అర్థం. నల్లబడడం మాత్రం చెడుకు గుర్తు కాదు, డిటర్జెంటు తన పని చేస్తోందని చెబుతుంది. తీసిన నూనె చర్మానికి హానికరం, అందులో క్యాన్సరు కలిగించగల పదార్థాలు ఉంటాయి. దానిని కాలువలో పారబోయడం, దుమ్ము అణగడానికి వాకిట చల్లడం చేయరాదు. వాడిన నూనెను సేకరించే అనుమతి గలవారికి అప్పగించాలి.